మోడల్ ఆ ఫొటోలు చూసిందా?

బొమ్మలను గుర్తుపట్టే మోడల్‌ని విప్పి చూస్తే లోపల ఒక్క ఫొటో కూడా దొరకదు. అలాంటి మోడళ్లలో ఒకటైన రెస్‌నెట్-50లో ఉండేది సుమారు 2.5 కోట్ల అంకెలు, అంతే. దానికి నేర్పడానికి మామూలుగా వాడే ఇమేజ్‌నెట్ సెట్‌లోని 12.8 లక్షల ఫొటోల జాడ బయటికి కనిపించదు. అయినా జాడ తేల్చక తప్పదు. 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎవరాల్బమ్ అనే కంపెనీ చేత వాడకందార్ల ఫొటోలతో తయారైన మోడళ్లను కూడా చెరిపించింది. వాడిన సంగతి ముందు రుజువైతేనే కదా ఇలాంటి ఆదేశాలు!

చూసిన ఫొటోకి మోడల్ కాస్త ఎక్కువ ధీమాగా జవాబు చెబుతుంది. ఆ తేడాని పట్టుకుని ఫలానా డేటా శిక్షణలో ఉందో లేదో ఊహించవచ్చని 2017లో పరిశోధకుడు రెజా షోక్రీ బృందం చూపించింది. నేర్చుకోకుండా బట్టీ పట్టిన మోడల్ ఇట్టే దొరికిపోతుంది. కానీ ఎండలో స్పష్టంగా తీసిన కుక్క ఫొటోని, ముందెన్నడూ చూడని మోడల్ కూడా ‘కుక్క’ అని ధీమాగానే చెప్పేస్తుంది. అందుకే ఆ ఫొటోని కలిపి కొన్ని మోడళ్లకు, కలపకుండా కొన్నిటికి సొంతంగా నేర్పి, అనుమానం ఉన్న మోడల్ ఏ గుంపుని పోలి ఉందో చూస్తారు. ఖర్చుతో కూడిన పనే. పైగా వందలో పదిసార్లు అమాయకుణ్ణి దొంగ అనే పరీక్షని నమ్ముకుని ఎవరి మీదైనా కేసు ఎలా పెడతాం?

నాకు ఎక్కువ నచ్చింది ఫొటోలు బయటపెట్టకముందే గుర్తు పెట్టే పద్ధతి. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు దీనికి ‘రేడియోధార్మిక డేటా’ అని పేరు పెట్టారు. ఇది మూలన వేసే వాటర్‌మార్క్ కాదు. మోడల్ ప్రతి ఫొటోని లోపల ఒక వెక్టర్‌గా, అంటే ఒక దిశని చూపే అంకెల వరుసగా మార్చుకుంటుంది. కుక్క, పిల్లి లాంటి ఒక్కో వర్గానికి ఒక రహస్య దిశని లాటరీ తీసినట్టు ఎంచుకుని, ఆ వర్గం ఫొటోల వెక్టర్లు అటు కొద్దిగా జరిగేలా పిక్సెళ్లను కంటికి ఆననంతగా మారుస్తారు. వాటితో నేర్చుకున్న మోడల్‌లో ఆ వర్గాన్ని గుర్తుపట్టే వెయిట్లు (మోడల్ లోపలి అంకెలు) కూడా అటే ఒరుగుతాయి.

అనుకోకుండా అలా ఒరిగిందేమో అని వాదించడానికి పెద్దగా చోటుండదు. రెస్‌నెట్-50 వెక్టర్‌లో 2048 అంకెలుంటాయి; అలాంటి 2048 కొలతల లోకంలో ఏ రెండు దిశలను గుడ్డిగా ఎంచుకున్నా అవి దాదాపు లంబంగానే ఉంటాయి. వాటి మధ్య కోణానికి కొసైన్ తీస్తే, సున్నా నుంచి అటూ ఇటూ 0.022 దాకా ఊగడం మామూలు. రహస్య దిశకీ వెయిట్లకీ మధ్య అది 0.1 వచ్చిందా, కాకతాళీయంగా అంత వచ్చే అవకాశం పది లక్షల్లో 3 మాత్రమే. వర్గాలన్నిటి ఆధారాలనూ కలిపితే పట్టు ఇంకా బిగుస్తుంది. ఆ పరిశోధనలో, శిక్షణ ఫొటోల్లో 1 శాతానికే గుర్తు ఉన్నా, యాదృచ్ఛికంగా అంత ఒరుగుదల వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని తేలింది. ఫొటోలను కత్తిరించినా, అద్దంలోలా తిప్పినా గుర్తు చెరగలేదు.

అయితే ఇది వేల ఫొటోలు చేతిలో ఉన్నవాళ్లకే పనికొచ్చే పద్ధతి. ఎప్పుడో ఇంటర్నెట్‌లోకి వెళ్లిపోయిన ఒక్క ఫొటో గురించి అడిగేవాళ్లకు ఇప్పటికీ ఆ ధీమా లెక్కలే దిక్కు.