కరెంటు పెట్టించుకున్నాక చెవి: తప్పంతా వయసుదేనా?

గొంతు, ముక్కు వెనక భాగం, చెంప దగ్గరి లాలాజల గ్రంథి క్యాన్సర్లకు చెన్నైలో రేడియేషన్, అంటే మనవాళ్ల మాటలో కరెంటు, పెట్టించుకున్న తెలుగువాళ్లు మళ్లీ అదే అడుగుతున్నారు: చెవి ఎందుకు పోయింది? నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి తెల్లారుజామున రైలెక్కి చెకప్‌కి వచ్చేవాళ్లకు దొరుకుతున్న జవాబూ పాతదే. "వయసు కదండీ."

తప్పంతా వయసుదేనా అన్న వాదనకు అసలు మలుపు 2009లో అమెరికాలో వచ్చింది. షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే వినికిడి పరిశోధకులు ఎలుకలకు 2 గంటల పాటు 100 డెసిబెల్స్ శబ్దం వినిపించారు. వినికిడి తగ్గింది, కొన్ని వారాల్లో మామూలుకు వచ్చేసింది. శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలన్నీ చెక్కుచెదరలేదు. కానీ ఆ కణాలను నరంతో కలిపే అతుకులు, అంటే సినాప్స్‌లు, దెబ్బ గట్టిగా తగిలిన చోట దాదాపు సగం ఊడిపోయాయి. ఆ తర్వాత నరం పోగులు కూడా మెల్లగా చచ్చిపోతూ వచ్చాయి. పెద్ద శబ్దాలేమీ వినని ఎలుకల్లో కూడా వయసు మీదపడుతుంటే అన్నిటికన్నా ముందు తగ్గేది ఈ అతుకులేనని 2013లో వాళ్ల బృందమే చూపించింది.

అప్పటిదాకా వినికిడి పరీక్ష గ్రాఫ్ బాగుంటే చెవి బాగున్నట్టే అనుకునేవారు. ఆ నమ్మకం అక్కడే సడలింది. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడితే బీప్ వినిపిస్తుంది. పెళ్లింట్లో నలుగురూ మాట్లాడుతుంటే మాత్రం మాట విడిపడదు. కరెంటు పెట్టించుకున్న మా పెదనాన్న అన్నదీ ఇదే: "శబ్దం వస్తోందిరా, మాట రావట్లేదు."

ఆ ఎలుకలకు పెట్టింది శబ్దమే గాని రేడియేషన్ కాదని డాక్టర్లు అంటారు. నిజమే. ముందు ప్రాణం నిలబెట్టాలి అన్నదీ కాదనలేం. కానీ రేడియేషన్ చెవికి చేసే చేటు వాళ్ల లెక్కల్లోనే ఉంది. లోపలి చెవికి తగిలే సగటు డోసు 45 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్) దాటకూడదని, వీలైతే 35 లోపే ఉంచమని 2010 నుంచి ప్రమాణాలున్నాయి. ముక్కు వెనక గడ్డకు 33-35 సిట్టింగుల్లో ఇచ్చేది 70 గ్రే దాకా ఉంటుంది. కిరణాలను మలిచి పంపే కొత్త యంత్రాలతో చెవిని కొంత తప్పించవచ్చు. పక్కనే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తే ఆ మందు కూడా చెవిని దెబ్బతీస్తుంది. రేడియేషన్ వల్ల వచ్చే నష్టం చాలాసార్లు నెలలు, ఏళ్లు గడిచాక, సన్నటి కీచు శబ్దాలు వినపడకపోవడంతో మొదలై బయటపడుతుంది. అప్పటికి మనిషికి ఇంకో రెండు మూడేళ్లు పైబడతాయి. నింద వయసు మీదకు పోతుంది.

ఇందులో వైరస్‌ను ఎవరూ తలవరు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ జీవితాంతం నరాల ముడుల్లో దాక్కుని ఉంటుంది. వయసు వల్లో, క్యాన్సర్ చికిత్స వల్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సర్పిగా లేస్తుంది. అది ముఖనరం ముడిలో లేస్తే చెవి మీద పొక్కులు వస్తాయి, మూతి వంకర పోతుంది, తల తిరుగుతుంది, వినికిడి పోవచ్చు. జేమ్స్ రామ్సే హంట్ 1907లోనే దీన్ని వర్ణించాడు. 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. తమిళనాట సర్పిని అక్కి అంటారు, కుమ్మరి చేత కావితో రాయించుకునే అలవాటు ఉంది. ఆ తిరుగుడులోనే మూడు రోజులూ అయిపోతాయేమోనని నా భయం. 50 దాటినవాళ్లకు 2023 నుంచి మన దేశంలో కొత్త సర్పి టీకా దొరుకుతోంది. రెండు డోసులు, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఈ కుటుంబాలు అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. కరెంటు మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చెవి పరీక్ష చేయాలి. ఆ పరీక్షలో గోలలో మాట ఎంత తెలుస్తోందో కూడా చూడాలి. పెదనాన్న ఫైలు నేనే తిరగేశాను. స్కాన్లు, రక్త పరీక్షలు, బిల్లులు లావుపాటి కట్ట ఉంది. చెవి పరీక్ష కాగితం ఒక్కటే, అదీ చికిత్స అయిన రెండేళ్లకు తీసింది. పోల్చి చూద్దామంటే ముందుది లేదు.