ఫామ్ తెరుచుకునే లోపు ఏం జరుగుతుంది?

తెర మీద రెండు కాంబో బాక్సులు, అంటే జాబితా నుంచి ఒకటి ఎంచుకునే పెట్టెలు. మొదటి దాంట్లో జిల్లాలు, రెండో దాంట్లో మండలాలు. జిల్లా మారిస్తే దాని మండలాలు రావాలి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ తెరలు కట్టే విండోస్ ఫామ్స్ నేర్చుకున్న వాళ్లలో ఇలాంటి తెర ఒక్కసారైనా కట్టని వాళ్లు అరుదు. కోడ్ మూడు వరుసలే. జిల్లాల పట్టికను డేటాసోర్స్‌కి ఇస్తాం. పేరు ఏ కాలమ్‌లో ఉందో డిస్‌ప్లేమెంబర్‌కి చెబుతాం. జిల్లా నంబరు ఏ కాలమ్‌లో ఉందో వాల్యూమెంబర్‌కి చెబుతాం. నడిపి చూస్తే ఫామ్ ఇంకా కనిపించకుండానే ఎర్రర్ వచ్చి పడుతుంది: ‘డేటారోవ్యూ’ని అంకెగా మార్చడం కుదరదట.

మూడు వరుసలూ సరైనవే, స్పెల్లింగ్ తప్పు లేదు, డేటాబేస్‌లో తేడా లేదు. డేటాసోర్స్ వరుసను తీసుకెళ్లి మిగతా రెండింటి కింద పెడితే ఆ ఎర్రర్ పోతుంది. మొదటిసారి ఇది చూసినవాళ్లు అయోమయంలో పడతారు. మూడు గడులు నింపుతున్నప్పుడు ఏది ముందు నింపితే ఏం?

మనం నింపుతున్నవి గడులు కావు. డేటాసోర్స్ ఇచ్చిన క్షణాన కాంబో బాక్స్ పట్టిక మొత్తం చదువుకుని, మొదటి జిల్లాను తనే ఎంచుకుని, ‘ఎంపిక మారింది’ అని ఈవెంట్ (ఏదో జరిగిందని మన కోడ్‌కి చెప్పే కబురు) పంపేస్తుంది. మండలాలు తెచ్చే మన కోడ్ అప్పుడే పరిగెత్తుతుంది. జిల్లా నంబరు ఏ కాలమ్‌లో ఉందో ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నంబరు అడిగితే పట్టికలోని అడ్డువరుస మొత్తం, అంటే డేటారోవ్యూ, చేతికొస్తుంది. చూపుకి విలువలా కనిపిస్తూ లోపల పనిచేసే ఈ ప్రాపర్టీ అనే ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో సగం వింత ఎర్రర్లకు మూలం దొరుకుతుంది.

విండోస్ కోసం సి భాషలో నేరుగా రాసిన తొలి రోజుల్లో ప్రాపర్టీలు లేవు. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం అంతా ప్రోగ్రామర్ చేతిలోనే ఉండేది. అయినా ఈ చిక్కుకు బీజం అక్కడే ఉంది. విండోను సృష్టించమని క్రియేట్‌విండో ఫంక్షన్‌ను పిలుస్తాం. అది తిరిగొచ్చాక విండో హ్యాండిల్ (ఆ విండోను గుర్తుపట్టే నంబరు) మన వేరియబుల్‌లో పడుతుంది. కానీ అది తిరిగి రాకముందే విండోస్ సందేశాలు అందుకునే మన విండో ప్రొసీజర్‌కి ‘పుట్టింది’ అనే సందేశం పంపేస్తుంది. ఆ సందేశాన్ని అందుకున్న కోడ్ ఆ వేరియబుల్‌ను నమ్ముకుంటే అందులో సున్నా తప్ప ఏమీ ఉండదు. అందుకే సందేశంతో పాటు హ్యాండిల్‌ను విడిగా అందించారు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తట్టదు.

1991లో విజువల్ బేసిక్ వచ్చి పని తీరునే మార్చేసింది. అలన్ కూపర్ తయారుచేసి మైక్రోసాఫ్ట్‌కి అమ్మిన ‘రూబీ’ అనే తెర గీసే పనిముట్టును బేసిక్ భాషతో కలిపి దాన్ని రూపొందించారు. (ఇప్పటి రూబీ భాషకూ దీనికీ సంబంధం లేదు.) ఫామ్ మీద బటన్ గీసి, పక్కనున్న ప్రాపర్టీల కిటికీలో రంగు, పేరు, వెడల్పు నింపితే చాలు. ప్రోగ్రామింగ్ లక్షలమందికి అందుబాటులోకి రావడానికి ఆ కిటికీయే పెద్ద కారణమని నా నమ్మకం. అయితే అందులో నింపిన విలువలన్నీ ఫామ్ తెరుచుకునేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి అమలు కావలసిందే. ఆ క్రమాన్ని ఇప్పుడు పనిముట్టు రాస్తుంది, ప్రోగ్రామర్ కంటికి కనపడదు.

విబి 6 (విజువల్ బేసిక్ ఆరో వెర్షన్) వాడినవాళ్లకు ఫామ్ తెరుచుకునే ముందు నడిచే ఫామ్ లోడ్ ఈవెంట్ గుర్తుండే ఉంటుంది. రెండో ఫామ్‌లో ఖాతాదారు నంబరు కోసం ఒక పబ్లిక్ వేరియబుల్ పెట్టుకున్నామనుకుందాం. మొదటి ఫామ్ నుంచి ఆ వేరియబుల్‌లో 5 అని రాస్తే ఫామ్ ఆబ్జెక్ట్ పుడుతుంది, ఇనిషియలైజ్ ఈవెంట్ వస్తుంది, లోడ్ మాత్రం రాదు. అదే ఆ ఫామ్ మీదున్న టెక్స్ట్ బాక్స్‌ను తాకితే చాలు, లోడ్ వెంటనే నడిచేస్తుంది. కాబట్టి టెక్స్ట్ బాక్స్‌లో పేరు ముందు రాసి నంబరు తర్వాత ఇచ్చినవాడి ఫామ్ లోడ్ సున్నా నంబరు ఖాతాదారు కోసం వెతికి ఖాళీ చేతులతో వస్తుంది. రెండు వరుసలు తారుమారు చేస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి. లోడ్‌లో సెట్‌ఫోకస్ (కర్సర్‌ను ఒక కంట్రోల్ మీదికి తెచ్చే ఆదేశం) అని రాసి 5వ నంబరు ఎర్రర్ చూడని విబి ప్రోగ్రామర్ ఉండడేమో. ఫామ్ ఇంకా కనిపించని దశలో ఫోకస్ ఎవరికిస్తారు? ఎర్రర్ సందేశం మాత్రం ఆ ముక్క చెప్పదు, ‘చెల్లని ప్రొసీజర్ కాల్’ అని ఊరుకుంటుంది. చెక్ బాక్స్ విలువను కోడ్‌లో 1 చేసినా క్లిక్ ఈవెంట్ వచ్చేది. ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు.

1995 ఫిబ్రవరి 14న బోర్లాండ్ కంపెనీ విడుదల చేసిన డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ పనిముట్టు ఈ సమస్యకు పేరు పెట్టి ఎదుర్కొంది. నాకు ఈ చరిత్రలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే. డెల్ఫీ ఫామ్‌ను డిఎఫ్ఎమ్ అనే ఫైల్‌లో దాస్తుంది. నడిచేటప్పుడు ఆ ఫైల్‌ను చదువుతూ ఒక్కో ప్రాపర్టీకి విలువ ఇస్తూ పోతుంది. డేటాబేస్ పట్టికను తెరిచే టిటేబుల్ అనే కాంపొనెంట్‌ను చూడండి. డిఎఫ్ఎమ్‌లో ‘యాక్టివ్ = ట్రూ’ అన్న వరుస పైన ఉంటుంది, డేటాబేస్ పేరు, పట్టిక పేరు దాని కింద ఉంటాయి. పైనుంచి కిందికి మాట ప్రకారం అమలు చేస్తే ఏ పట్టికో తెలియకముందే పట్టికను తెరవాలి.

డెల్ఫీ కట్టినవాళ్లు ఫైల్‌లో వరుస మార్చే ప్రయత్నం చేయలేదు. ప్రతి కాంపొనెంట్‌కీ ‘నేనింకా లోడ్ అవుతున్నాను’ అని చెప్పే సిఎస్‌లోడింగ్ అనే గుర్తు పెట్టారు. ఆ గుర్తు ఉండగా యాక్టివ్‌ని ట్రూ చేస్తే పట్టిక తెరుచుకోదు, ఆ కోరిక మాత్రం ఒక ప్రైవేటు ఫీల్డులో దాచుకుంటుంది. ఫామ్ మొత్తం చదవడం పూర్తయ్యాక ప్రతి కాంపొనెంట్‌కీ లోడెడ్ అనే మెథడ్ పిలుపు వస్తుంది. అప్పుడు దాచుకున్న కోరిక తీరుతుంది. ఒక కాంపొనెంట్ ఇంకా పుట్టని మరో కాంపొనెంట్‌ను పేరుతో సూచిస్తే ఆ లంకెను కూడా పక్కన రాసుకుని చివర్లో కలిపేవారు. పెళ్లింట్లో వచ్చిన చదివింపులన్నీ ముందు పుస్తకంలో రాసుకుని హడావుడి తగ్గాక లెక్క చూసుకున్నట్టే. సొంతంగా కాంపొనెంట్లు రాసినవాళ్లు తమ ప్రాపర్టీలో ఈ గుర్తును చూడటం మరిచిపోతే డిజైనర్‌లో బాగానే ఉండి, నడిపినప్పుడు కూలిపోయేది. ఇప్పటికీ పాత డెల్ఫీ కోడ్ బాగుచేస్తున్నవాళ్లు మొదట వెతకాల్సిన చోటు అదే.

డెల్ఫీకి కూడా ఒక చోట కాలు జారింది. తొలి వెర్షన్లలో ఫామ్ ఆన్‌క్రియేట్ ఈవెంట్ మూల క్లాస్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) లోపలి నుంచే వచ్చేది. ఆ మూల క్లాస్‌ను వారసత్వంగా తీసుకున్న క్లాస్ తన కన్‌స్ట్రక్టర్‌లో చేయాల్సిన పని అప్పటికి మిగిలే ఉండేది. డెల్ఫీ 4లో ఆఫ్టర్‌కన్‌స్ట్రక్షన్ అనే మెథడ్ తెచ్చి, కన్‌స్ట్రక్టర్లన్నీ ముగిశాకే ఆన్‌క్రియేట్ వచ్చేలా మార్చారు. కానీ అప్పటికే పాత వరుసను నమ్ముకుని రాసిన కోడ్ ఎంతో ఉంది. అందుకని ఫామ్‌కి ‘ఓల్డ్‌క్రియేట్‌ఆర్డర్’ అనే ప్రాపర్టీ జోడించాల్సి వచ్చింది. ఏ క్రమం కావాలో చెప్పడానికి ఒక ప్రాపర్టీ! ఆ పేరు తర్వాత వచ్చిన లెక్కలేనన్ని డిఎఫ్ఎమ్ ఫైళ్లలో అలా మిగిలిపోయింది.

మూల క్లాస్ ముందు, వారసుడు తర్వాత అన్న క్రమం ఇంకా పాతది. నార్వేలో డాల్, న్యూగార్డ్ రూపొందించిన సిములా 67 అనే భాషలోనే మూల క్లాస్ శరీరం ముందు నడిచేది. తర్వాతి భాషలు ఆ క్రమాన్నే పాటించాయి. తేడా అంతా ఒక ప్రశ్న దగ్గర వచ్చింది. మూల కన్‌స్ట్రక్టర్ నడుస్తుండగా వారసుడు తిరగరాసిన మెథడ్‌ను పిలిస్తే ఎవరిది నడవాలి? వారసుడు ఇంకా పుట్టలేదు కాబట్టి మూల క్లాస్‌దే నడవాలంది సి ప్లస్ ప్లస్. జావా, సి షార్ప్ వారసుడిదే నడిపిస్తాయి.

జావాలో దీని దెబ్బ స్వింగ్ అనే లైబ్రరీతో తెరలు కట్టినవాళ్లకు బాగా తగిలింది. అందులోని జెప్యానెల్ అనే క్లాస్ కన్‌స్ట్రక్టర్ తనంతట తనే అప్‌డేట్‌యుఐ మెథడ్‌ను పిలుస్తుంది. మన క్లాస్‌లో దాన్ని తిరగరాసి, లోపల మన ఫీల్డును వాడామా, నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే ఖాళీ విలువను వాడబోయిన ఎర్రర్. ఎందుకంటే జావాలో వారసుడి ఫీల్డులకు విలువలు మూల కన్‌స్ట్రక్టర్ ముగిశాకే పడతాయి. ఇంతకంటే మోసకారి సంగతి ఇంకోటుంది. తిరగరాసిన ఆ మెథడ్‌లో ఫీల్డుకి మనమే విలువ ఇచ్చాం అనుకోండి. ఫీల్డు ప్రకటనలో ‘= నల్’ అని రాసి ఉంటే, మూల కన్‌స్ట్రక్టర్ ముగియగానే ఆ నల్ వచ్చి మనం ఇచ్చిన విలువను తుడిచేస్తుంది. ఆ చిన్న ముక్క తీసేస్తే విలువ నిలుస్తుంది. ఏమీ చేయనట్టు కనిపించే ముక్క అంత పని చేస్తుంది. సి షార్ప్‌లో ఫీల్డుల విలువలు మూల కన్‌స్ట్రక్టర్ కంటే ముందే పడతాయి కాబట్టి ఈ ఒక్క గుంట తప్పింది. వారసుడి కన్‌స్ట్రక్టర్ లోపల ఇచ్చే విలువల విషయంలో మాత్రం అదే కథ.

సి షార్ప్‌కి ప్రధాన రూపకర్త ఆండర్స్ హైల్స్‌బర్గ్. డెల్ఫీని తీర్చిదిద్దింది కూడా ఆయనే, 1996లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్లారు. 2002లో వచ్చిన డాట్‌నెట్ విండోస్ ఫామ్స్‌లో డెల్ఫీ పోలికలు అడుగడుగునా కనిపిస్తాయి. ఒక పెద్ద తేడా ఏమిటంటే ఫామ్‌ను వేరే ఫైల్ నుంచి చదవరు, డిజైనర్ నేరుగా ఇనిషియలైజ్‌కాంపొనెంట్ అనే మెథడ్‌లో కోడ్ రాసేస్తుంది. డెల్ఫీలోని సిఎస్‌లోడింగ్ చేసే పనికి ఇక్కడ బిగిన్‌ఇనిట్, ఎండ్‌ఇనిట్ అనే జంట వచ్చింది. అంకె ఎంచుకునే న్యూమరిక్‌అప్‌డౌన్ కంట్రోల్‌కి గరిష్ఠ విలువ మామూలుగా 100. గరిష్ఠం పెంచకముందే 500 ఇస్తే ఎక్సెప్షన్. బిగిన్‌ఇనిట్, ఎండ్‌ఇనిట్‌ల మధ్య ఇస్తే అది నోరు మెదపదు, చివర్లో ఒకేసారి సరిచూసుకుంటుంది. డిజైనర్ రాసిన కోడ్‌లో ఈ జంట ఉంటుంది, మనం చేత్తో కంట్రోల్ సృష్టించినప్పుడు ఉండదు. డిజైనర్‌లో పనిచేసింది కోడ్‌లో ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

ఇనిషియలైజ్‌కాంపొనెంట్ పైన దాన్ని మార్చవద్దని హెచ్చరిక ఉంటుంది. అమీర్‌పేటలో డాట్‌నెట్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు ఎందరో. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: మార్చకండి, కానీ చదవండి. సి షార్ప్‌లో, విబి డాట్‌నెట్‌లో ఒకే ఫామ్ గీసి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. సి షార్ప్‌లో ఒక రేడియో బటన్‌కి ప్రాపర్టీలన్నీ ఇచ్చాక కింద ఈవెంట్ తగిలిస్తుంది. కాబట్టి ‘చెక్డ్ = ట్రూ’ అన్నప్పుడు వినేవాళ్లు ఎవరూ ఉండరు. విబి డాట్‌నెట్‌లో ‘హ్యాండిల్స్’ అని రాసుకునే పద్ధతి వల్ల కంట్రోల్‌ను సృష్టించిన ఆ కోడ్ వరుస దగ్గరే ఈవెంట్ తగులుకుంటుంది. అప్పుడు చెక్డ్ ట్రూ కాగానే మన కోడ్ ఫామ్ సగం తయారై ఉండగానే నడుస్తుంది. ఒకే తెర, ఒకే విలువలు, ఒక భాషలో మౌనం, ఇంకో భాషలో ఎర్రర్. విబి నుంచి సి షార్ప్‌కి కోడ్ మార్చినప్పుడు దీనికి తలకిందుల తేడా వస్తుంది. అంతకుముందు తెరుచుకోగానే తనంతట నిండే పట్టిక ఇప్పుడు ఖాళీగా ఉంటుంది.

లోడ్ ఈవెంట్‌లో తప్పు జరిగితే అది కనిపించకుండా పోయే కాలం కూడా గడిచింది. 64 బిట్ విండోస్ 7 మీద 32 బిట్ ప్రోగ్రామ్‌ను డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) కింద నడుపుతుంటే లోడ్‌లో లేచిన ఎక్సెప్షన్‌ను విండోస్ మధ్యలోనే మింగేసేది. ఎర్రర్ కనిపించేది కాదు. లోడ్‌లో సగం వరుసలు నడిచి ఆగిపోయేవి, ఫామ్ మాత్రం తెరుచుకునేది. ఆ కోడ్‌ను కన్‌స్ట్రక్టర్‌లోకో, డాట్‌నెట్ 2.0తో వచ్చిన షోన్ ఈవెంట్‌లోకో తరలిస్తే అసలు ఎర్రర్ బయటపడేది.

2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చిన డబ్ల్యుపిఎఫ్ అనే తెరలు కట్టే పద్ధతి ఇంకో దారి పట్టింది. అందులో స్లైడర్ గరిష్ఠం 10 ఉండగా 500 ఇస్తే ఎర్రర్ రాదు. 10 చూపిస్తుంది, 500 అడిగారన్న సంగతి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత గరిష్ఠాన్ని 1000 చేస్తే దానంతట అదే 500కి వెళ్తుంది. ప్రాపర్టీ వరుస మీద ఆధారపడకుండా చేయడానికి వచ్చిన ఆలోచనల్లో ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. అయినా ఈవెంట్ల చిక్కు అక్కడా తప్పలేదు. తెరను వర్ణించే జామెల్ ఫైల్‌లో పైన స్లైడర్, కింద లేబుల్ ఉంటే, స్లైడర్ విలువ చదివేటప్పుడే ఈవెంట్ వచ్చి ఇంకా పుట్టని లేబుల్‌లో రాయబోయి నల్ రిఫరెన్స్‌తో కూలుతుంది.

భాషల వైపున మార్పు మొన్నమొన్ననే వచ్చింది. 2025 సెప్టెంబరులో విడుదలైన జావా 25లో సూపర్ పిలుపు (మూల కన్‌స్ట్రక్టర్‌ను పిలిచే వరుస) కంటే ముందే మన ఫీల్డులకు విలువలు ఇచ్చుకోవచ్చు. కన్‌స్ట్రక్టర్‌లో మొదటి వరుస సూపర్ పిలుపే కావాలన్న నియమం అంతవరకూ దాదాపు 30 ఏళ్లు నడిచింది. పైన చెప్పిన ప్యానెల్ కథకు ఇప్పుడు భాషలోనే జవాబు ఉంది.

మన జిల్లాల తెరకు తిరిగొస్తే, ఎంపిక మారినప్పుడు నడిచే కోడ్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి (అక్కడ ప్రోగ్రామ్ ఆగుతుంది) కాల్ స్టాక్, అంటే ఎవరు ఎవరిని పిలిచారో చూపే జాబితా, తెరవండి. కింద ఇనిషియలైజ్‌కాంపొనెంట్ పేరో, డేటాసోర్స్ ఇచ్చిన మన మెథడ్ పేరో కనిపిస్తే ఆ ఈవెంట్ ఎవరి వేలు తగిలీ వచ్చింది కాదు. డిస్‌ప్లేమెంబర్, వాల్యూమెంబర్ ముందు ఇచ్చి, డేటాసోర్స్ తర్వాత ఇచ్చి, ఈవెంట్‌ను అన్నిటికన్నా చివర కోడ్‌లో తగిలించి, మొదటి జిల్లా మండలాల కోసం ఆ మెథడ్‌ను ఒక్కసారి మనమే పిలిస్తే ఆ తెర కుదురుగా తెరుచుకుంటుంది.