సొంత గుర్రం, పరాయి లాయం: నియమాల గొడవల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో, చేవెళ్ల రోడ్డు వైపు, పదిహేనేళ్లుగా ఒక గుర్రాల లాయం చూసుకుంటున్నాను. మా దగ్గర ఇరవై పైచిలుకు గుర్రాలుంటే వాటిలో సగం మావి కావు. ఊళ్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవాళ్లు కొనుక్కుని, నెలకింత అని కట్టి మా దగ్గర ఉంచుతారు. దీన్నే లివరీ అంటాం. ఇవి చాలామటుకు రేసులు మానేసిన థరోబ్రెడ్‌లు, కొన్ని రాజస్థాన్ సంతల్లో కొన్న మార్వాడీ జాతి గుర్రాలు.

ఇన్నేళ్లలో మా ఆఫీసు గదిలో గొంతులు లేచిన సందర్భాలు చాలావరకు గోడకు అంటించిన నియమాల కాగితం గురించే. యజమానికి అది లాయం పెత్తనంలా కనిపిస్తుంది. ఆయన అడిగే ప్రశ్న మాకు అనుమానంలా వినిపిస్తుంది. నాకు అర్థమైనంతలో, పనికొచ్చే నియమం ఏదైనా గుర్రం కడుపు గురించో, ఊపిరి గురించో, నిద్ర గురించో పెట్టినదై ఉంటుంది. కారణం చెప్పలేని నియమం ఉంటే దాన్ని లాయమే తీసేయాలి. మేమూ కొన్ని తీసేశాం.

అపోహ: "గుర్రం నాది. దానికేం పెట్టాలో నేనే చెప్తాను."

వాస్తవం: ఏం పెట్టాలో చెప్పే హక్కు యజమానికి ఉంది. దాన్ని రాత్రికి రాత్రి మార్చేసే వెసులుబాటు మాత్రం గుర్రం కడుపు ఇవ్వదు.

నాలుగున్నర వందల కిలోల జంతువుకి పొట్ట 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. మేత ఉన్నా లేకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. తిన్నది పడకపోతే కక్కేద్దామంటే గుర్రానికి వాంతి రాదు. అందుకే రోజంతా కొద్దికొద్దిగా గడ్డి నములుతూ ఉండాలి. బరువులో కనీసం నూటికి ఒకటిన్నర వంతు ఎండుమేత పడాలి. అంటే 450 కిలోల గుర్రానికి రోజుకి దాదాపు ఏడు కిలోలు. దాణా అయితే ఒక పూటకి రెండుంపావు కిలోలు దాటకూడదు, ఇంకా తక్కువైతే మరీ మంచిది. ఎక్కువైతే పిండిపదార్థం చిన్నపేగులో అరగకుండా వెనక పేగుల్లోకి వెళ్లి పులుస్తుంది. దాంతో కోలిక్ అనే తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు, లామినైటిస్ అనే డెక్కల వాపు వచ్చి డెక్కలు దెబ్బతినవచ్చు. మేత ఏది మార్చినా ఏడు నుంచి పది రోజులు తీసుకుని, పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలి.

కడప వైపు కుటుంబం ఆయనొకరు మా దగ్గర ఒక ఆడ గుర్రాన్ని ఉంచారు. వాళ్ల తాతగారికి జట్కా ఉండేదట. "మా తాత గుర్రం ఉలవ గుగ్గిళ్లు తినే పొద్దస్తమానం బండి లాగింది సార్, మీరు ఈ ఓట్సూ పెల్లెట్లూ అంటారు" అని మొదటి నెల నుంచీ అనేవారు. ఉలవల విషయంలో ఆయన మాట నిజమే. మంచి మాంసకృత్తులున్న గింజ, మన నేల మీద తరతరాలుగా గుర్రాలు తిన్న గింజ. కానీ ఆ జట్కా గుర్రం రోజంతా కష్టపడేది. ఈ గుర్రం వారానికి నాలుగు గంటలు కూడా పనిచేయదు. ఒక ఆదివారం సాయంత్రం ఆయన అర బస్తా ఉలవలు తెచ్చి, మాతో అనకుండా గుర్రాలను చూసుకునే సయీస్‌తో ఉడికించి పెట్టించారు. సోమవారం తెల్లవారుజామున మూడింటికి గుర్రం పడి దొర్లుతోంది, పక్కటెముకల వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. డాక్టర్ వచ్చి ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. తెల్లారేసరికి తేరుకుంది.

ఆరోజు పొద్దున ఆయన లాయం గడప దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు. తప్పులో సగం నాది. మేత మార్చకూడదని గోడ మీద రాశాం గానీ ఎందుకో ఒక్కరికీ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇప్పుడు ప్రతి గుర్రం గది తలుపుకీ మేత చీటీ ఉంటుంది. ఏ పూట ఏది ఎన్ని కిలోలో అందులో ఉంటుంది. మార్పు కావాలంటే యజమాని సంతకం, నా సంతకం, మారే తేదీలు. డబ్బా కొలత ఎత్తేసి కాటా పెట్టాం, ఎందుకంటే ఒకే డబ్బాలో ఓట్స్ ఒక బరువు తూగుతాయి, మొక్కజొన్న ఇంకో బరువు తూగుతుంది. ఆ గుర్రానికి ఇప్పటికీ ఉలవలు వేస్తున్నాం. పది రోజులు తీసుకుని అలవాటు చేశాం, కొద్దిగా వేస్తాం. మే నెలలో మాత్రం వేయం, పొద్దున ఉడికించినవి మధ్యాహ్నానికల్లా పులిసిపోతాయి.

అపోహ: "సయీస్‌తో నేనే మాట్లాడుకుంటాను. మధ్యలో మేనేజర్ ఎందుకు?"

వాస్తవం: ఈ లాయాల్లో అందరికంటే ఎక్కువ నలిగిపోయేది సయీస్. తెల్లారకముందే లేచి పడక మార్చి, మాలిష్ చేసి, నీళ్లు పెట్టి, నాలుగు గుర్రాలను చూసుకునే మనిషి. ఒక యజమాని వచ్చి "భాయ్, రేపటి నుంచి ఇంకో డబ్బా వెయ్యి" అంటారు. ఇంకొకరు "చాచా, మా దానికి రోజూ స్నానం చేయించు, నేను చూసుకుంటాలే" అని జేబులో నోటు పెడతారు. అతను కాదనలేడు. అవునంటే నేను అడుగుతాను. గుర్రానికి ఏమైనా అయితే అందరి వేళ్లూ అతని వైపే.

అందుకే మాటలు ఆఫీసు ద్వారానే అన్న నియమం పెట్టాం. బక్షీష్ ఇవ్వొద్దని కాదు, పండక్కి ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి. పనిమీద ఆదేశాలు మాత్రం చీటీ మీద రాయండి. అదే సమయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. గుర్రం సరిగా తినడం లేదని, ముందరికాలు కాస్త ఎగరేస్తోందని మొదట పసిగట్టేది సయీసే. యజమాని అతన్ని "ఎలా ఉంది" అని అడగడాన్ని కూడా అడ్డుకునే లాయాలున్నాయి. అక్కడ ఏదో దాస్తున్నారని నేను అనుకుంటాను.

అపోహ: "చూడ్డానికి నిక్షేపంలా ఉంది. ఇరవై ఒక్క రోజులు విడిగా కట్టేయడం దండగ."

వాస్తవం: కొత్తగా వచ్చిన గుర్రాన్ని వేరే షెడ్డులో, వేరే బకెట్టు, వేరే బ్రష్షు, వీలైతే వేరే మనిషితో ఉంచుతాం. రోజుకి రెండుసార్లు జ్వరం చూసి రాస్తాం. గుర్రానికి మామూలు వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల జబ్బు సోకాక బయటపడడానికి 3 నుంచి 14 రోజులు పడుతుంది. తగ్గిపోయిందనుకున్నాక కూడా కొన్ని గుర్రాల గొంతు పక్క సంచుల్లో ఆ క్రిమి నెలల తరబడి దాక్కుని, పక్క గుర్రాలకు అంటిస్తూ ఉంటుంది. ఫ్లూ ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడుతుంది గానీ లాయమంతా చుట్టేస్తుంది. 2008-09లో జమ్ము వైపు మొదలైన గుర్రాల ఫ్లూ చాలా రాష్ట్రాలకు పాకింది.

అన్నిటికంటే భయపడేది గ్లాండర్స్ అనే అంటుజబ్బుకి. ఇది మనుషులకూ సోకుతుంది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పరీక్షలో పాజిటివ్ అని తేలితే ఆ గుర్రానికి వైద్యం ఉండదు, ప్రాణం తీయాల్సిందే. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం అనుమానం వచ్చిన వెంటనే తెలియజేయడం యజమాని బాధ్యతే కాదు, ఆ జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ల బాధ్యత కూడా. "రెండ్రోజులు ఎవరికీ చెప్పకండి" అని బతిమాలినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా ఆ మాట వినడం కుదరదు.

హైదరాబాద్‌లో ఈ గొడవకి ఇంకో రూపం బారాత్, అంటే పెళ్లి ఊరేగింపు. మా దగ్గరి యజమాని ఒకాయన తమ్ముడి పెళ్లికి తన తెల్ల మార్వాడీని తీసుకెళ్లారు. అక్కడ అద్దెకు తెచ్చిన గుర్రాలతో కలిసి నిలబడింది, ఒకే తొట్టిలో నీళ్లు తాగింది. రాత్రి ఒంటిగంటకు తెచ్చి పాత గదిలోకే తోలుకెళ్తామన్నారు. మేం విడి షెడ్డు తెరిచాం. పెళ్లిబట్టల్లోనే నిలబడి "మీ లాయంలోదే కదండీ, ఆరు గంటలు బయటికెళ్తే అంటరానిదైపోయిందా" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు కూర్చుని మిగతా ఇరవై గుర్రాల సంగతి చెప్పాక ఒప్పుకున్నారు. బయటికి వెళ్లొస్తే ఏం చేస్తామో ఇప్పుడు ఒప్పందంలోనే రాస్తున్నాం, అర్ధరాత్రి గేటు దగ్గర చెప్పడం కంటే అది నయం.

ఇదే వరసలో చిన్నది ఒకటి. గుర్రానికి తోడుగా ఆవునో గేదెనో ఉంచమని అడుగుతారు. జోరీగలున్న వానాకాలంలో మేం ఒప్పుకోం. పశువుల రక్తంలో పైకి తెలియకుండా ఉండే, సర్రా అనే జబ్బు తెచ్చే పరాన్నజీవిని జోరీగ కుట్టి గుర్రానికి చేరుస్తుంది. వచ్చి పోయే జ్వరం, రక్తహీనత, కాళ్ల వాపు. గుర్రాన్ని అది చంపేయగలదు.

అపోహ: "చెమట మీదున్న గుర్రానికి చన్నీళ్లు పోస్తే ఒళ్లు పట్టేస్తుంది."

వాస్తవం: ఎండలో పనిచేసిన గుర్రానికి ఒళ్లంతా చన్నీళ్లు పోయడమే సరైన పని. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం చేసిన పరిశోధనల తర్వాత ఈ పాత భయం పోవాల్సింది. మే నెలలో పొద్దున ఎనిమిది దాటాక స్వారీ వద్దనడం కూడా వడదెబ్బ గురించే, అరీనా (స్వారీ చేసే మైదానం) ఖాళీ లేక కాదు.

అపోహ: "డబ్బు కడుతున్నాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాను."

వాస్తవం: గుర్రం నిలబడే నిద్రపోతుందనేది సగం నిజం. గాఢనిద్ర పట్టాలంటే పడుకోవాల్సిందే. అది రోజుకి అరగంట అటూ ఇటూ, ఎక్కువగా రాత్రిపూట. పదింటికి లైట్లు వేసి ఒక గుర్రం గది తెరిస్తే ఆ వరసంతా లేచి నిలబడుతుంది. రాత్రి వేళలు మూసేయడానికి కారణం ఇదే.

పగలు చెప్పకుండా వచ్చే యజమానిని ఆపడానికి మాత్రం నాకు ఒక్క కారణమూ కనపడదు. "ఫోన్ చేసి రండి" అని పట్టుబట్టే లాయంలో తమ గుర్రాన్ని ఉంచవద్దని మా స్నేహితులకు చెప్తాను. పడక తడిగా ఉందా, నీళ్ల తొట్టి పాచి పట్టిందా అన్నది చెప్పకుండా వచ్చినప్పుడే తెలుస్తుంది.

అపోహ: "నన్ను అడక్కుండా డాక్టర్‌ని పిలిచారు. బిల్లు నేనెందుకు కట్టాలి?"

వాస్తవం: కోలిక్‌లో గంటలే లెక్క. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 ఉండే గుండె వేగం 60 దాటితే యజమాని ఫ్లైట్ దిగేదాకా ఆగలేం. నొప్పి ఇంజెక్షన్ ఒకటి వేసి ఊరుకుంటే పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పేగు మెలిపడి ఉంటే ఆ గంటలు పోతాయి. గుర్రం వచ్చిన రోజే మూడు సంగతులు రాయించుకుంటాం. ఫోన్ ఎత్తకపోతే ఎంత ఖర్చు దాకా మేం నిర్ణయం తీసుకోవచ్చు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటారా, మీ తరఫున మాట్లాడగల రెండో మనిషి ఎవరు. రెండోది రాసేటప్పుడు చాలామంది పెన్ను పట్టుకుని ఆగిపోతారు. అప్పుడు ఆగినా పర్లేదు.

ఇక లాయం నడిపే మావాళ్ల అపోహలు రెండు. "గుర్రానికేమైనా అయితే మా బాధ్యత లేదని సంతకం పెట్టించుకున్నాం కదా" అంటారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన సొత్తును మామూలు వివేకమున్న మనిషి తన సొత్తును చూసుకున్నంత శ్రద్ధగా చూడాలి. గేటు గడియ ఊడిపోయిందని తెలిసీ వారం ఊరుకున్నవాళ్లు ఆ సంతకాన్ని నమ్ముకోకూడదు. అదే చట్టం 163వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: ఒకరు ఆవును సంరక్షణకు అప్పగిస్తే, అది ఈనితే, దూడను కూడా తిరిగివ్వాలి. లాయంలో పుట్టిన గుర్రప్పిల్ల ఎవరిదన్న తగాదాలో నేను చూపించింది దాన్నే.

రెండోది: "మూడు నెలల బాకీ ఉంది, గుర్రాన్ని అమ్ముకుంటాం." అదే కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ శ్రమా నైపుణ్యమూ పెట్టిన పనికి, కూలి అందేదాకా సొత్తును అట్టిపెట్టుకోనిస్తుంది, ఒప్పందంలో వేరుగా లేకపోతే. శిక్షణకి అది వర్తిస్తుందనవచ్చు, ఊరికే మేపినందుకు వర్తిస్తుందా అంటే వాదన తప్పదు. అమ్మే హక్కు మాత్రం ఆ సెక్షన్ ఇవ్వదు. బాకీ ఉందని మేత తగ్గించడం ఇంకా ఘోరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో "యజమాని" అన్న మాటలోకి ఆ సమయానికి జంతువు ఎవరి అధీనంలో ఉందో వాళ్లూ వస్తారు. చాలినంత మేత, నీరు ఇవ్వకపోతే ఆ నేరం లాయానిదే అవుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు.

అపోహ: "గొడవపడి వెళ్లిపోతే ఆ రోజుతో లెక్క తీరిపోయినట్టే."

వాస్తవం: నెల నోటీసు, మిగిలిన డబ్బు, జీను, కళ్లెం అప్పగింత ఇవన్నీ ఒప్పందంలో ఉంటాయి. వాటితో పాటు ఎక్కించే వ్యాన్‌లో పది రోజులకు సరిపడా మా గడ్డి, మా దాణా బస్తాల్లో కట్టి పెడతాం. మేత చీటీ, టీకాల తేదీలు, చివరిసారి లాడాలు కొట్టిన తేదీ ఒక కవర్‌లో పెట్టి డ్రైవర్‌కి ఇస్తాం. పోయినేడు నాతో రెండు నెలలు మాట్లాడకుండా వెళ్లిపోయిన ఒకావిడ, పదకొండో రోజున ఫోన్ చేసి మేము వాడే లూసర్న్ గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చెప్పాను.