మెడల్ బరువు చూసి రేసుకు మార్కులేయకండి: సిటీ మారథాన్ల మీద అపోహలు – వాస్తవాలు

చలికాలం మొదలైందంటే మా రన్నర్ల గ్రూపులో పోస్టర్ల వాన. పొద్దున్నే హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో (జేఎన్‌ఎస్) రౌండ్లు కొట్టి బయట చాయ్ బండి దగ్గర నిలబడితే ఎవరో ఒకరు ఫోన్ ముందుకు పెడతారు. "అన్నా, ఈ రేసు మంచిదేనా? డబ్బులు కట్టొచ్చా?"

పదకొండేళ్లుగా పరిగెత్తుతున్నాను, ఆరేళ్లుగా హాఫ్ మారథాన్లలో పేసర్‌గా, అంటే చెప్పిన టైంకు చేరేలా వెనకవాళ్లను నడిపించే రన్నరుగా, జెండా కూడా మోస్తున్నాను. ఏ రేసునైనా నేను చూసేది ఒక్క వైపు నుంచే: వెనక వచ్చేవాళ్లకు ఏం మిగులుతుంది? ముందు ఉరికే పాతిక మందికి ఏ రేసైనా బాగానే ఉంటుంది. వాళ్లు వెళ్లేసరికి నీళ్లుంటాయి, పోలీసులుంటారు, డప్పులు కూడా మోగుతుంటాయి. మిగతావాళ్ల సంగతే అసలు సంగతి.

అపోహ: పేరులో మారథాన్ ఉంది కాబట్టి అది మారథానే.

మన పేపర్లలో జెండా ఊపిన ప్రతి 2కే రన్నూ మారథానే. నిజానికి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరం అది, 1921లో అంతర్జాతీయ సమాఖ్య దాన్నే ఖాయం చేసింది. హాఫ్ అంటే అందులో సగం, 21.0975. ఇది చాదస్తం కోసం చెప్పడం లేదు. పోస్టర్ మీద "5 వేల మంది రన్నర్లు" అని ఉంటే విడగొట్టి అడగండి: ఫుల్‌కు ఎందరు, హాఫ్‌కు ఎందరు, కాలేజీ బస్సుల్లో దించిన 3కే పిల్లలు ఎందరు? ఫుల్‌కు నూట యాభై మందే ఉంటే, ముప్పై దాటాక రోడ్డు మీద మిగిలేది మీరు, మీ నీడ, ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు.

అపోహ: జీపీఎస్ వాచీలో 42.6 చూపించింది, అంటే కొలత తప్పు.

రేసు అయిపోయిన గంటకు మా గ్రూపులో నడిచే గొడవ ఎప్పుడూ ఇదే. తేల్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, జేఎన్‌ఎస్ ట్రాక్ చాలు. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ అది. మొదటి లేన్‌లో పన్నెండున్నర రౌండ్లు కొడితే 5 కిలోమీటర్లు. నా వాచీ అక్కడ ఒకరోజు 5.08 అంటుంది, ఇంకోరోజు 5.13 అంటుంది. ట్రాక్ రాత్రికి రాత్రి పెరగదు కదా!

రోడ్డు రేసును కొలిచేది వాచీతో కాదు, కారు మీటరుతో అంతకన్నా కాదు. సైకిల్‌తో. ముందు చక్రం ఇరుసు దగ్గర జోన్స్ కౌంటర్ అనే చిన్న పళ్ల డబ్బా బిగిస్తారు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఇరవైకి పైగా అంకెలు ముందుకు జరుగుతాయి. కోర్సు మీదికి వెళ్లే ముందు, స్టీలు టేపుతో కొలిచిన మూడు నాలుగు వందల మీటర్ల తిన్నని రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు ఎన్ని అంకెలో లెక్క తీస్తారు. కోర్సంతా తొక్కి వచ్చాక అదే రోడ్డు మీద మళ్లీ నాలుగుసార్లు. ఎందుకంటే ఎండెక్కితే టైరులో గాలి ఉబ్బి చక్రం వెంట్రుకవాసి పెద్దదవుతుంది, లెక్క మారుతుంది. ఇంత చేశాక కూడా పొరపాటున దూరం తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కావాలనే కలుపుతారు. ఫుల్‌కు అది 42 మీటర్లు.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. ఆ సైకిల్ తొక్కేది రన్నరు పోగలిగిన అతి దగ్గరి దారిలో, మలుపు లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో. మనం పరిగెత్తేది ఎక్కడ? నీళ్ల టేబుల్ ఉన్న వైపు, చెట్టు నీడ ఉన్న వైపు, ఫొటోగ్రాఫర్ కూర్చున్న వైపు. ఫుల్‌లో మూడు నాలుగు వందల మీటర్లు అలా కలుస్తాయి, పైన వాచీ తప్పు కొంత. అందుకే హాఫ్ రెండు గంటల్లో పూర్తి చేయాలని వచ్చేవాళ్లకు నేను చెప్పేది: కాగితం మీద లెక్క కిలోమీటరుకు 5:41 (5 నిమిషాల 41 సెకన్లు), మీ వాచీలో మాత్రం 5:36 కనబడాలి. వాచీ 21.4 దగ్గర గానీ ఫినిష్ లైన్ రాదు.

ఇక ఉల్టా కేసు. వాచీ తక్కువ చూపిస్తే అప్పుడు అనుమానపడండి. కొన్నేళ్ల కింద ఒక హాఫ్‌లో నాకు 1:51 వచ్చింది, అంతకుముందు బెస్ట్ 1:57. అందరికీ మిర్చీ బజ్జీలు తినిపించాను. ఇంటికొచ్చి చూస్తే వాచీలో 20.2! యూటర్న్ కోన్‌ను చీకట్లో ఒక కూడలి ముందే పెట్టేశారు. నిర్వాహకులకు ఫోన్ చేస్తే "జీపీఎస్ అంతే సార్" అన్నారు. ఖాళీ రోడ్డు మీద జీపీఎస్ అబద్ధమాడితే సాధారణంగా ఎక్కువే చెబుతుంది గానీ కిలోమీటరు మింగేయదు. ఎంత ఉదారంగా లెక్కేసినా అది 1:56. ఆ ఒక్క నిమిషం సంతోషం కూడా మిగల్చలేదు.

కాబట్టి పోస్టర్ మీద "సర్టిఫైడ్ కోర్సు" అని చూడగానే సర్టిఫికెట్ చూపించమనండి. అందులో కొలిచినవారి పేరు, కొలిచిన తేదీ ఉంటాయి. అది అయిదేళ్లు చెల్లుతుంది, అదీ దారి మారకపోతేనే. మధ్యలో డివైడర్ లేచినా, స్టార్ట్ పాయింట్ పక్క వీధికి జరిగినా మళ్లీ కొలవాల్సిందే.

అపోహ: కోర్సు చదునుగా ఉంటే టైం దానంతటదే వస్తుంది.

ఫాతిమానగర్ బ్రిడ్జిని తిట్టని కాజీపేట రన్నరు లేడు. కానీ ఒక ఎక్కుడు, ఒక దిగుడు కాళ్లకు మార్పునిస్తాయి. చదును రోడ్డు మీద ఒకే కండరం మూడు గంటలు ఒకే పని చేస్తుంది. ఇక దిగుడే ఎక్కువున్న కోర్సుల టైంలు రికార్డులకు పనికిరావు. స్టార్ట్ కన్నా ఫినిష్ కిలోమీటరుకు ఒక మీటరు మించి కిందికి ఉండకూడదని నియమం. నన్నడిగితే ఎత్తుపల్లాల మ్యాపు కన్నా స్పీడ్ బ్రేకర్ల లెక్క ఇస్తే ఎక్కువ సంతోషిస్తాను.

అపోహ: చిప్ ఉంది కాబట్టి ఎవరూ అడ్డదారి తొక్కలేరు.

బిబ్ (ఛాతీ మీద పిన్నీసులతో పెట్టుకునే నంబరు కాగితం) వెనక అతికించిన ఆ పలచటి పట్టీకి, అంటే చిప్‌కు, మీరు ఎంత దూరం పరిగెత్తారో తెలియదు. చిప్‌ను చదవడానికి రోడ్డు మీద పరిచిన మ్యాట్ మీదుగా ఏ క్షణంలో దాటారో అంతే తెలుసు. స్టార్ట్‌లో ఒక మ్యాట్, ఫినిష్‌లో ఒక మ్యాట్ పెట్టి మధ్యలో ఏమీ పెట్టకపోతే, డివైడర్ దూకి ఇటు తిరిగినవాడు కూడా ఫినిషరే. పోయి తిరిగొచ్చే కోర్సులో ప్రతి యూటర్న్ దగ్గర మ్యాట్ ఉందా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే రేసు నాణ్యత సగం తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. అందంగా కనబడాలని బిబ్‌ను నాలుగు మూలలా మడిచి చిన్నది చేసుకుంటారు మనవాళ్లు. కొందరు దాని మీద బెల్టు, బెల్టులో ఫోన్. ఆ చిప్‌లోని సన్నటి యాంటెనా మడతపడితే, లోహం అడ్డొస్తే, చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోతే మ్యాట్‌కు అది వినబడదు. టైం రాలేదని టైమింగ్ వాళ్లతో కొట్లాడిన ఒక తమ్ముడి బిబ్ విప్పి చూస్తే, పిన్నీసు సరిగ్గా చిప్ మధ్యలోంచి దిగి ఉంది.

బహుమతులు గన్ టైంకా (రేసు మొదలైన క్షణం నుంచి), చిప్ టైంకా (మీరు స్టార్ట్ మ్యాట్ దాటినప్పటి నుంచి) అన్నది నియమాల్లో రాసి ఉండాలి. రాయకపోతే స్టేజీ మీద గొడవ ఖాయం.

అపోహ: నీళ్ల పాయింట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి రేసు.

పాయింట్లు కాదు, క్యాన్లు లెక్కపెట్టండి. అంతర్జాతీయ నియమం దాదాపు 5 కిలోమీటర్లకు ఒక పాయింట్ అంటుంది, మన వాతావరణానికి రెండు రెండున్నరకు ఒకటి ఉండాలి. ఇప్పుడు లెక్క చూడండి. హాఫ్‌లో 800 మంది, గ్లాసుకు 150 మిల్లీలీటర్లు. అంటే 120 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు ఆరు. కానీ ఎండ మొదలయ్యాక ఒక్క గ్లాసుతో ఆగేవాడెవడు? ఒకటి నోట్లోకి, ఒకటి నెత్తిమీదికి. పన్నెండయ్యాయి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే టేబుల్ అయితే ఇరవై నాలుగు. పదితో సరిపెడితే ఎవరి దగ్గర ఆగిపోతాయి? రెండున్నర గంటలకు వచ్చేవాళ్ల దగ్గర. వాళ్లకే అందరికన్నా ఎక్కువ ఎండ, ఎక్కువ దాహం.

నేను పేసింగ్ చేసిన ఒక రేసులో పదిహేడో కిలోమీటరు దగ్గర టేబుల్ ఉంది, బ్యానరుంది, టోపీలు పెట్టుకున్న పిల్లలున్నారు, నీళ్లు మాత్రం లేవు. "అయిపోయినయ్ సార్, బండి వస్తాంది" అని చప్పట్లు కొట్టారు పాపం. నా వెనక పద్నాలుగు మంది. రోడ్డు పక్క ఇడ్లీ బండి పెద్దమ్మ తన డ్రమ్ములోంచి చెంబుతో ముంచి పోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రేసు స్పాన్సర్ల జాబితాలో ఆమె పేరు ఎక్కాలి.

అలాగని కనబడ్డ ప్రతి గ్లాసూ ఎత్తడం కూడా తప్పే, ఇది చాలామంది నమ్మరు. 2002 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ దగ్గర 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. దానికి ఎక్కువగా గురైంది పరుగులో బరువు పెరిగినవాళ్లు, అంటే చెమటకు మించి తాగినవాళ్లు, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్లు. తలనొప్పి, వాంతి, తికమక మొదలైతే చుట్టూ ఉన్నవాళ్లు డీహైడ్రేషన్ అనుకుని ఇంకో సీసా తాగిస్తారు! దాహమైనప్పుడు తాగండి. ఓఆర్‌ఎస్ మంచిదే, కానీ ఉప్పు బిళ్ల వేసుకున్నాం కదా అని లీటర్లు పోసుకుంటే ప్రమాదం పోదు.

అపోహ: అంబులెన్స్ ఉంది కాబట్టి వైద్యానికి ఢోకా లేదు.

అంబులెన్స్ ఎక్కడుంది? చాలా చోట్ల స్టేజీ వెనక, రెండు వీఐపీ కార్ల మధ్య. గుండె ఆగిన మనిషికి అంత తీరిక ఉండదు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా హాఫ్, ఫుల్ పరిగెత్తిన 1.09 కోట్ల మందిని లెక్కలోకి తీసుకుంటే గుండె ఆగింది 59 మందికి, దాదాపు లక్షా ఎనభై నాలుగు వేల మందిలో ఒకరికి. కాబట్టి పరుగంటే భయపడాల్సిన పని లేదు. అయితే బతికినవాళ్లను బతికించినదాంట్లో ముఖ్యమైనది పక్కనున్నవాళ్లు వెంటనే చేసిన సీపీఆర్, అంటే ఛాతీని గట్టిగా నొక్కుతూ ఉండటం. నీళ్ల టేబుల్ దగ్గర నిలబడే వాలంటీరుకు సీపీఆర్ నేర్పారా? ఛాతీ మీద అంటించి షాక్ ఇచ్చే ఏఈడీ కోర్సు మీద ఎన్ని చోట్ల ఉంది? ఈ రెండూ అడగండి. ఇక రన్నరు వైపు నుంచి: బిబ్ వెనక అత్యవసర నంబరు, వాడే మందులు రాసుకునే గడులుంటాయి. మా గ్రూపులో సగం మంది వాటిని ఖాళీగానే వదిలేస్తారు.

అపోహ: నాలుగున్నరకే మొదలుపెడితే అన్నీ తీరినట్టే.

చలికాలంలో మన దగ్గర సూర్యుడు వచ్చేసరికి ఆరుంబావు దాటుతుంది. నాలుగున్నరకు మొదలైతే దాదాపు రెండు గంటలు చీకటే. దీపాలు లేని చోట స్పీడ్ బ్రేకరు కనబడదు, పడుకున్న కుక్క కనబడదు, మూత పైకి లేచిన మ్యాన్‌హోల్ అసలే కనబడదు. ముందురోజు సాయంత్రం చీకటి పడ్డాక స్కూటీ మీద కోర్సంతా ఒకసారి తిరిగి రండి, పోస్టర్ చెప్పనివన్నీ ఆ గంటలో తెలుస్తాయి. అయిదున్నర గంటల్లో ఫుల్ పూర్తి చేసేవాళ్లకు చివరి పది కిలోమీటర్లు ఎలాగూ ఎండలోనే. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, మబ్బుల్లో ఉక్కపోతతో ఉంటుంది, పైన ఫ్లైఓవర్లు. ముంబైది జనవరిలో. ఆ రెండింటి టైంలను పక్కపక్కన పెట్టి "నేను స్లో అయిపోయినా అన్నా?" అని అడిగితే ఏం చెప్పాలి!

తేదీ విషయంలో మన జిల్లాల వాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటుంది: మేడారం. 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివర జాతర వచ్చింది. ఆ రోజుల్లో పోలీసులు, బస్సులు, జనం అంతా ములుగు రోడ్డు వైపే. అలాంటి వారంలో ఎవరైనా రేసు పెడితే, వాళ్లకు ఊరు తెలియదని అర్థం.

అపోహ: కట్-ఆఫ్ (రేసు పూర్తి చేయాల్సిన గడువు) దాకా అన్నీ ఉంటాయి.

రాసైతే ఉంటుంది, నిజంగా ఉండవు. ఒక హాఫ్‌లో కట్-ఆఫ్ మూడున్నర గంటలు. నా పని అయిపోయాక అరటిపండు తింటూ ఫినిష్ దగ్గరే కూర్చున్నాను. మూడుంబావుకు ఎవరో గాలి ఆర్చ్ మోటారు ఆపేశారు, అది మెల్లగా రోడ్డు మీదికి వాలింది. మ్యాట్‌ను చాపలా చుట్టి ఆటోలో వేశారు. మూడు గంటల ఇరవై రెండో నిమిషంలో ఒక టీచరమ్మ వచ్చింది, మొదటి హాఫట. ఎక్కడ ఆగాలో తెలియక పడిపోయిన ఆర్చ్ పక్కనుంచి ఇంకో యాభై అడుగులు పరిగెత్తింది. "ఇదేనా సార్ ఫినిష్?" అని నన్నడిగింది. "ఇదేనమ్మా" అని నా వాచీలో టైం చూపించాను. ఆమె దాన్ని తన ఫోన్‌తో ఫొటో తీసుకుంది.