మసక గెలాక్సీల్లో వాయువు లేదా, సాక్షి పలకడం లేదా?

మాలిన్ 1లో కార్బన్ మోనాక్సైడ్ దొరికిందని 2024లో వెల్లడి కాగానే పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది: మసక గెలాక్సీల్లో తారలకు ముడిసరుకైన అణు వాయువు నిజంగానే లేదా, లేక దాని సాక్షి అయిన కార్బన్ మోనాక్సైడ్ కనబడటం లేదా? ఆరున్నర లక్షల కాంతి సంవత్సరాల వెడల్పున్న ఈ మసక గెలాక్సీలో (వైశాల్యాన్ని బట్టి చూస్తే వెలుగు బాగా పలచనైనది) ముప్పై ఏళ్లకు పైగా చిక్కని సంకేతాన్ని చిలీలోని ఆల్మా టెలిస్కోపు దాని నడిమధ్యలో పట్టుకుంది. లెక్క కడితే అణు హైడ్రోజన్ (రెండేసి పరమాణువులు జతకట్టినది) చాలా తక్కువ. పరమాణు హైడ్రోజన్ (విడివిడి పరమాణువులుగా ఉన్నది) మాత్రం వేల కోట్ల సూర్యుల బరువుంది.

చల్లని హైడ్రోజన్ అణువు తనంతట తాను కనబడదు. అందుకే దాని వెంట ఉండే కార్బన్ మోనాక్సైడ్ 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇచ్చే గీతను, అంటే వర్ణపటంలోని దాని గుర్తును కొలిచి, హైడ్రోజన్ ఎంతో తేల్చడానికి పాలపుంతకు కుదిరిన గుణకంతో హెచ్చవేస్తారు. చిక్కంతా ఆ గుణకంలోనే ఉంది.

ఈ కథలో అసలు మలుపు 2000వ సంవత్సరం. 1990లోనూ 1998లోనూ వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. ‘కనబడలేదు’ అన్న మాట మెల్లగా ‘లేదు’గా మారిపోతున్న సమయమది. అప్పుడు కారెన్ ఓనీల్ బృందం స్పెయిన్‌లోని ఐరామ్ 30 మీటర్ల టెలిస్కోపుతో అయిదు మసక గెలాక్సీలను చూసింది. నాలుగింటిలో నిశ్శబ్దం. అయిదోదానిలో మాత్రం కార్బన్ మోనాక్సైడ్ గీతలు రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల దగ్గర స్పష్టంగా వచ్చాయి. దొరికింది ఒక్కటే, కానీ ‘లేదు’ అన్న మాట ఇక నిలవలేదు. 2010లో మౌసుమీ దాస్ బృందం మరో మసక గెలాక్సీ మాలిన్ 2లో కేంద్రం దాటి, చుట్టూ పరచుకున్న తారల పళ్లెంలోనూ అణు వాయువును చూపింది.

వాయువే తక్కువ అనేవాళ్ల వాదన సూటిగానే ఉంటుంది: హైడ్రోజన్ అణువులు ధూళి రేణువుల మీద కూడతాయి, ఇక్కడ ధూళీ తక్కువ, వాయువూ పలచన. అయితే అదే ధూళి కొరత రెండో వైపూ పనిచేస్తుంది. అతినీలలోహిత కాంతి నుంచి హైడ్రోజన్ అణువు తన్ను తాను కాచుకోగలదు. కార్బన్ మోనాక్సైడ్‌కు ధూళి అండ ఎక్కువగా కావాలి. అది లేనిచోట కార్బన్ మోనాక్సైడ్ విరిగిపోతుంది, హైడ్రోజన్ మిగులుతుంది. పైగా ఈ గెలాక్సీల్లో చాలావాటికి కార్బన్, ఆక్సిజన్‌లే తక్కువ. అలాంటిచోట పాలపుంత గుణకం వాడితే ఉన్న వాయువు కూడా లెక్కలోంచి జారిపోతుంది.

విరిగిన కార్బన్ అయాను రూపంలో (ఎలక్ట్రాన్ కోల్పోయి) 158 మైక్రాన్ల దగ్గర మెరుస్తుంది కాబట్టి దాగిన వాయువుకు అది మరో సాక్షి కాగలదు. కానీ దగ్గరి గెలాక్సీల నుంచి వచ్చే ఆ కాంతిని భూవాతావరణం ఆపేస్తుంది. ఆ కాంతిని చూడగలిగిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు 2013లో ఆగిపోయింది. విమానంలోంచి చూసిన సోఫియా టెలిస్కోపు కూడా 2022లో నేలకు దిగింది.