చేతిలో డబ్బు లేనప్పుడు చదువు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఉద్యోగం వెతుక్కునే తెలుగు పిల్లలకు కెరీర్ కౌన్సెలింగ్ చేస్తాను. వేళచ్చేరి, షోళింగనల్లూర్ హాస్టళ్ల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. తరచూ వాళ్ల నోట వినే మాటలు ఇవి.

అపోహ: "కోర్సు ఫీజుకు నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని కిస్తీలే కదా మేడమ్, భారమేముంది?"

వాస్తవం: చాలాచోట్ల ఆ కిస్తీ మీరు కట్టేది ఇన్‌స్టిట్యూట్‌కు కాదు, ఫైనాన్స్ కంపెనీకి. ఫీజు ముందే ఇన్‌స్టిట్యూట్‌కు చేరిపోతుంది, అప్పు మీ పేరున ఉంటుంది. క్లాసులు నచ్చక మానేసినా కిస్తీ ఆగదు. కట్టకపోతే, అప్పులు ఎలా తీర్చారో చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది. ఇప్పుడు సంతకమంటే ఫోన్లో ఓటీపీ చెప్పడమే కాబట్టి, అప్పు తీసుకున్నామని కూడా కొందరికి తెలియదు. ఓటీపీ చెప్పేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు షరతుల వివరాల పత్రం అడగండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అది ఇచ్చి తీరాలి. వడ్డీ, ఛార్జీలు కలిపి ఏడాదికి ఎంత శాతమో అందులో ఉంటుంది. డిజిటల్ లోన్‌కు కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆలోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఇంట్లో చెప్పలేక, తిండి తగ్గించుకుని కిస్తీలు కట్టే పిల్లల్ని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపం వాళ్ల మీద కాదు.

అపోహ: ఉచితంగా దొరికేది నాసిరకం.

వాస్తవం: ఆన్‌లైన్‌లో పాఠాలు దొరికే ఎన్‌పీటెల్‌లో పాఠాలు చెప్పేది ఐఐటీ, ఐఐఎస్‌సీ అధ్యాపకులు. పాఠాలకు పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కొన్ని వారాలు విని, అసైన్‌మెంట్లు చేసి, ఆ సబ్జెక్టు మీకు పడుతుందని తేలాక డబ్బు సంగతి ఆలోచించండి. లోటల్లా, డౌటు వస్తే పక్కన చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఒకే హాస్టల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కోర్సు తీసుకోమంటాను.

అపోహ: రూములో నలుగురుంటే చదువు సాగదు, డబ్బు కట్టి స్టడీ రూమ్‌కు వెళ్లాల్సిందే.

వాస్తవం: కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం 2010 నుంచి ఉంది. కూర్చుని చదువుకోవడానికి రుసుము లేదు. సొంత పుస్తకాలు తెచ్చుకునేవాళ్లకు వేరే విభాగం ఉంది. ఎగ్మోర్‌లోని కన్నెమరా గ్రంథాలయం 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ ఒకటి చట్టప్రకారం అక్కడికి చేరాలి, తెలుగువైనా సరే.

అపోహ: నిద్ర తగ్గిస్తే టైమ్ దొరుకుతుంది.

వాస్తవం: చదివింది మెదడులో బాగా కుదురుకోవాలంటే నిద్ర కావాలి. నైట్ షిఫ్టు పడిన వారం కొత్త పాఠం మొదలుపెట్టకండి. పాతదే తిరగేయండి.