విమానం, పారాచూట్: నల్లగొండ, పాలమూరు వైపు తరచూ వినే అపోహలు

సాగర్ డ్యామ్ దాటితే కుడిగట్టున విజయపురి సౌత్‌లో చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ లేచిన శిక్షణ విమానాలు పెద్దవూర వైపు పొలాల మీద తిరగడం చాలామంది చూసే ఉంటారు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలంలోనే ఒక శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ ప్రాణం పోయింది. అలాంటి వార్త విన్నప్పుడైనా, రిటైరైన పైలట్ పారాచూట్‌తో దూకాడని టీవీలో చూసినప్పుడైనా చాయ్ హోటల్ కాడ వినిపించే మాట ఒక్కటే: "దానికి గుండె ధైర్యం ఉండాలె." గాల్లో మనిషిని కాపాడేది ఎత్తు, వేగం, టైము. ఈ మూడింటి లెక్క ముందే వేసుకున్నవాడు క్షేమంగా దిగుతాడు. కింద రాసిన అపోహలన్నీ ఆ లెక్క తెలియక పుట్టినవే.

అపోహ: ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుంది.

విమానాన్ని మోసేది రెక్క. ఇంజిన్ దాన్ని ముందుకు లాగుతుంది, అంతే. ఇంజిన్ ఆగితే పైలట్ ముక్కు కొద్దిగా దించుతాడు, విమానం గుట్ట దిగే సైకిల్ లాగా జారుతూ పోతుంది. సెస్నా 172 అనే చిన్న విమానం ఒక మీటరు ఎత్తు పోగొట్టుకునేలోపు సుమారు 9 మీటర్లు ముందుకు వెళ్తుంది. అంటే నేల నుంచి 3,000 అడుగుల మీద ఇంజిన్ ఆగితే, ఎదురుగాలి లేనప్పుడు, 8 కిలోమీటర్ల దూరం, దాదాపు 4 నిమిషాల టైము చేతిలో ఉంటాయి. పెద్ద విమానాలు ఇంకా బాగా జారతాయి. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ వారి ఎయిర్‌బస్ ఏ330కి అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజిన్లూ ఆగాయి. అది సుమారు 19 నిమిషాలు జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే మీద దిగింది. లోపలున్న 306 మందీ బతికారు.

ఆ 4 నిమిషాల్లో పనులకు ఒక వరుస ఉంది. మొదట వేగం పట్టుకోవాలి: సెస్నా 172ఎస్‌కు 68 నాట్లు (గంటకు సుమారు 126 కిలోమీటర్లు), సెస్నా 152కు 60 (సుమారు 111 కిలోమీటర్లు). తర్వాత దిగే చోటు ఎంచుకోవాలి. ఆ రెండూ అయ్యాకే ఇంజిన్ సంగతి: ఇంధనం వాల్వు తెరిచి ఉందా, గాలిలో ఇంధనం పాలు చెప్పే మిక్స్చర్ మీట నిండుగా ఉందా, కార్బురేటర్ ఉన్న విమానమైతే దానికి వేడిగాలి పంపే కార్బురేటర్ హీట్ లాగామా, నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు రెండూ ఆన్‌లో ఉన్నాయా చూడాలి. రేడియోలో మేడే అనే ఆపద పిలుపు అందాకా మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ మీదే చెప్పాలి, అక్కడ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మీద. రాడార్‌కు విమానం గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700 పెట్టాలి. నేల తాకేముందు ఇంధనం, మాగ్నెటోలు ఆపి, తలుపుల గొళ్లెం తీసి ఉంచాలి. లేదంటే ఫ్రేమ్ వంగినప్పుడు తలుపు బిగుసుకుపోతుంది. కొత్తవాళ్లు ఈ వరుసను తలకిందులు చేస్తారు. ఇంజిన్ స్టార్ట్ చేయబోతూ వేగం పోగొట్టుకుంటారు, ఆ గడబిడలో దిగే చోటు వెనక్కి వెళ్లిపోతుంది.

ఇక చోటు. వరి కోసిన పొలం పై నుంచి చాపలా కనిపిస్తుంది, ఒడ్లు మాత్రం ఐదారు వందల అడుగులకు దిగేదాకా తేలవు. ఒడ్డుకు అడ్డంగా దిగితే ముందు చక్రం విరిగి విమానం బోర్లా పడుతుంది. అందుకే ఒడ్డు పొడవునా దిగాలి. పత్తి చెలకలో అయితే సాళ్ల వెంట. నీళ్లు పెట్టిన మడి కన్నా ఎండిన చెలక నయం. బత్తాయి తోట వద్దు, చెట్ల కంటే చుట్టూ ఉండే ముళ్లకంచె ప్రమాదం. కరెంటు తీగలు ఆకాశంలోంచి దాదాపు కనిపించవు, స్తంభాలు కనిపిస్తాయి. రెండు స్తంభాలు కంటపడితే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క.

ఇక్కడే ఇంకో మాట. పేపర్లలో "విమానం స్టాల్ అయింది" అని చదివి ఇంజిన్ ఆగిందనుకుంటారు. స్టాల్ రెక్కకు సంబంధించింది. గాలికీ రెక్కకూ మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే రెక్క మీది గాలి ఊడిపోయి లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పడిపోతుంది. ఇంజిన్ ఫుల్ పవర్ మీద ఉన్నా ఇది జరుగుతుంది. విమానాన్ని 45 డిగ్రీలు వంచి ఎత్తు పోకుండా తిప్పితే స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు 41 శాతం. టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగినప్పుడు వెనక్కి తిరిగి రన్‌వే అందుకోబోయి ప్రాణాలు పోగొట్టుకోవడానికి కారణం ఈ అంకెలే. కొద్ది ఎత్తులో ఉంటే ఎదురుగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపల, ఏది దొరికితే అక్కడ దిగడమే సరైన పని. విమానం పాడైతే పాడవనివ్వండి.

అపోహ: మన ఎండలకు ఇంజిన్‌లో మంచు ఎక్కడిది?

కార్బురేటర్ ఉన్న విమానాల్లో ఇదే మోసం చేస్తుంది. సన్నని గొట్టంలో గాలి వేగం పెరగడం, పెట్రోలు ఆవిరవడం, ఈ రెండింటి వల్ల లోపలి వేడి 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. శ్రావణ మాసపు ఉదయం బయట 25 డిగ్రీలు, గాలి నిండా తేమ. లోపల మంచు కట్టడానికి ఇది అనువైన వాతావరణమే. దిగడానికి పవర్ తగ్గించినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. గుర్తు ఏమిటంటే కారణం లేకుండా ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) నెమ్మదిగా పడుతుంది. వెంటనే కార్బురేటర్ హీట్ పూర్తిగా లాగాలి. లాగాక కరిగిన నీళ్లు లోపలికి వెళ్లి ఇంజిన్ కాసేపు దడదడమంటుంది. భయపడి హీట్ మూసేయకూడదు.

ఎండకాలంలో నిజంగా పీడించేది పల్చని గాలి. మహబూబ్‌నగర్ ఎత్తు సుమారు 500 మీటర్లు. మేలో 42 డిగ్రీలు ఉన్నప్పుడు అక్కడి గాలి 5,000 అడుగుల పైన ఉండే గాలిలా పనిచేస్తుంది. సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో ఎంత రన్‌వే పడుతుందో దానికి దాదాపు సగం అదనంగా పడుతుంది, పైకెక్కడమూ మందగిస్తుంది. పొద్దున 8 లోపు ఎగరండి. మధ్యాహ్నం ఎగరక తప్పకపోతే ఇంధనమైనా, మనిషినైనా తగ్గించండి.

అపోహ: విమానంలో అందరికీ పారాచూట్ ఇస్తే సరిపోతుంది కదా.

35,000 అడుగుల మీద బయట మైనస్ 54 డిగ్రీలు, ఆక్సిజన్ లేకుండా తెలివి ఉండేది నిమిషం లోపే. లోపలి గాలి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. పైగా ప్రమాదాల్లో ఎక్కువ భాగం టేకాఫ్, ల్యాండింగ్ దగ్గర జరుగుతాయి, అక్కడ పారాచూట్ విప్పుకునేంత ఎత్తే ఉండదు. చిన్న విమానాల్లో మాత్రం విమానానికే పారాచూట్ కట్టే పద్ధతి ఉంది, సిర్రస్ ఎస్‌ఆర్20కి 1998లోనే అలా అనుమతి వచ్చింది.

అపోహ: పారాచూట్ తెరుచుకోకపోతే కథ అయిపోయినట్టే.

వీపు మీద మూటలో రెండు పారాచూట్లుంటాయి. మామూలుగా తెరిచే మెయిన్‌ను దూకే మనిషే మడుచుకోవచ్చు, ఆపదకు ఉంచే రిజర్వ్‌ను లైసెన్స్ ఉన్న రిగ్గరే (పారాచూట్లు మడిచే నిపుణుడే) మడవాలి. అమెరికాలో ప్రతి 180 రోజులకు ఒకసారి విప్పి, చూసి, మళ్లీ మడవాలన్నది నియమం. మెయిన్ సరిగా రాకపోతే కుడివైపు ఎర్ర హ్యాండిల్ లాగి దాన్ని వదిలేయాలి, వెంటనే ఎడమవైపు హ్యాండిల్ లాగితే రిజర్వ్ వస్తుంది. మెయిన్ అసలు బయటికే రాకపోతే నేరుగా రిజర్వ్. మనిషి స్పృహ తప్పినా, మరిచినా, ఆటోమేటిక్ పరికరం రిజర్వ్ మూట ముడిని కోసేస్తుంది. అలాంటి పరికరాల్లో ఒకటైన సైప్రెస్‌లో అనుభవజ్ఞులు వాడేది సుమారు 750 అడుగుల దగ్గర, ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని ఇద్దరూ కలిసి దూకే టాండెమ్‌ది 1,900 అడుగుల దగ్గర, అదీ గంటకు 125 కిలోమీటర్లకు మించిన వేగంతో పడుతుంటేనే.

ఇన్ని ఉన్నా మనిషి ఎందుకు పోతాడు? నిర్ణయం ఆలస్యమై. బోర్లా పడే మనిషి వేగం గంటకు 190 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి 1,000 అడుగులకు 10 సెకన్లు పడతాయి, ఆ తర్వాత ప్రతి వెయ్యికీ ఐదున్నర సెకన్లే. అందుకే అమెరికా పారాచూట్ సంఘం విద్యార్థికి 2,500 అడుగుల గీత గీసింది: ఆ గీత దగ్గరికి మెయిన్ దారిలోకి రాకపోతే ఇక దాంతో కుస్తీ పట్టకూడదు. తాళ్లు మెలిపడితే ఎత్తు ఉన్నప్పుడు కాళ్లు తన్ని విప్పుకోవచ్చు, తాళ్ల మీద జారి దిగాల్సిన గుడ్డముక్క (స్లయిడర్) పైనే ఇరుక్కుంటే బ్రేకులు, అంటే గుడ్డ వెనక అంచు తాళ్లు, రెండు మూడుసార్లు పూర్తిగా లాగి చూడవచ్చు. ఇవన్నీ గీతకు పైనే. మడతలో తప్పులు కూడా తెలిసినవే: వదులుగా కట్టిన తాళ్ల చుట్టలు, ఒక పక్కే సెట్ చేసిన బ్రేకు, గుడ్డ నాలుగు భాగాల మధ్యకు రాని స్లయిడర్.

పారాచూట్ తెరవగానే మనిషి పైకి ఎగిరిపోతాడన్నది వీడియోలు చూసి పుట్టిన భ్రమ. కెమెరా పట్టుకున్నవాడు ఇంకా పడుతూనే ఉంటాడు. దూకగానే కడుపులో జెయింట్ వీల్ దిగినట్టు ఉంటుందన్నదీ అంతే, విమానం అప్పటికే గంటకు 150 కిలోమీటర్ల చొప్పున వెళ్తుంటుంది కాబట్టి గాలి మిమ్మల్ని వెంటనే పట్టుకుంటుంది. ఊపిరి బాగానే ఆడుతుంది. జలుబు ఉంటే మాత్రం దూకవద్దు: నిమిషం లోపల ఏడెనిమిది వేల అడుగులు దిగుతారు, మూసుకున్న చెవి పొర చిరగవచ్చు.

అపోహ: 40 ఏళ్లు విమానం నడిపినవాడికి పారాచూట్ ఏపాటి?

అపోహలన్నిటిలో పెద్దమనుషుల ఎముకలు విరిచేది ఇదే. వయసు సమస్య కాదు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ 1944లో నేవీ పైలట్‌గా మంటలంటుకున్న విమానం నుంచి పారాచూట్‌తో బయటపడ్డాడు, 2014లో 90వ పుట్టినరోజున టాండెమ్‌లో దూకాడు. సమస్య అలవాట్లది.

చతురస్రం పారాచూట్ కూడా రెక్కే, గాలికి ఎదురుగా దిగడం, దానికి ముందు గాలి వాలున పోయే డౌన్‌విండ్, అడ్డంగా తిరిగే బేస్, ఎదురుగాలికి దిగే ఫైనల్ అన్నీ ఉంటాయి. విద్యార్థికి ఆ మూడూ వరుసగా మొదలయ్యే ఎత్తులు సుమారు 1,000, 600, 300 అడుగులు. ఇదంతా పైలట్‌కు సొంత ఇంటి భాషే. అయితే పెద్ద జెట్ నడిపిన కళ్లు ముప్పై అడుగుల మీద ఫ్లేర్ చేయడానికి, అంటే ముక్కెత్తి దిగే వేగం తగ్గించడానికి, అలవాటు పడి ఉంటాయి. పారాచూట్ కింద అది బ్రేకులు లాగి 3, 4 మీటర్ల దగ్గర జరగాలి. ముందే లాగితే గుడ్డ పైన ఆగి, స్టాల్ అయి కూలేస్తుంది. ముందే లాగేశామని తెలిస్తే చేతులు పైకి వదలకండి, వదిలితే గుడ్డ ముందుకు దూకి నేలకు కొడుతుంది. ఉన్నచోటే పట్టుకుని ఆగి, నేల దగ్గరికి రాగానే మిగతాది లాగండి.

రెండో అలవాటు, గాలికి ఎదురుగానే దిగాలన్న పట్టుదల. తక్కువ ఎత్తులో అది గుర్తొచ్చి గట్టిగా తిప్పుతారు, తిరిగే గుడ్డ దిగే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. బాగా తెరుచుకున్న పారాచూట్ కింద జరిగే మరణాల్లో నేల దగ్గర తిప్పినవే ఎక్కువ. పక్కగాలి అయినా, వెనకగాలి అయినా, గుడ్డ సమంగా ఉంచి దిగి, పాదాలూ మోకాళ్లూ కలిపి దొర్లిపోతే దుమ్ము అంటుతుంది గానీ నడుము విరగదు. మళ్లీ పైకి లేచి ఇంకోసారి దిగే గో-అరౌండ్ అన్నదే ఇక్కడ లేదు, ఫైనల్ తప్పితే తప్పినట్టే దిగాలి.

టాండెమ్‌లో దిగేటప్పుడు కాళ్లు ముందుకు ఎత్తి కూర్చున్నట్టు దిగాలి. అరవై దాటినవాళ్లు నెల ముందు నుంచే కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ చాపి పది సెకన్లు నిలపడం ప్రాక్టీసు చేయండి. నిలవకపోతే ఆ సంగతి డాక్టర్‌కూ ఇన్‌స్ట్రక్టర్‌కూ ముందే చెప్పండి. వెన్ను, గుండె, కంటి రెటీనా ఆపరేషన్లు జరిగినవాళ్లు దాచనే దాచవద్దు.

అపోహ: గాలి నిలకడగా ఉంది, మబ్బు ఎక్కడో దూరాన ఉంది, పర్వాలేదు.

మే నెల మధ్యాహ్నం నల్లమల మీద లేచిన ఉరుముల మబ్బు వానకు ముందే ఈదురుగాలిని తోస్తుంది, అది పాతిక కిలోమీటర్లు ముందుకు రాగలదు. ఎర్ర చెలకలో లేచే సుడిగాలి చిన్నదే అయినా గుడ్డను మూడు అంతస్తుల ఎత్తులో ముడిచేయగలదు. దుమ్ము స్తంభం కనిపిస్తే నేల మీద ఉన్నవాళ్లు ఆ రోజుకు ఆపాలి.

చివరగా, మీ పొలంలోనే ఎవరైనా దిగితే. గుడ్డ గాలికి లాగుతుంటే ఒక పక్క తాడు ఒక్కటే పట్టి లాగండి, ముడుచుకుంటుంది. మనిషి లేవలేకపోతే మెడ కదిలించకండి, హెల్మెట్ తీయకండి, నీళ్లు తాగించకండి, 108కి చేయండి. మోటబాయిలో పడితే తాడు, ట్యూబు వేయండి, గుడ్డ, తాళ్లు చుట్టుకునే నీళ్లలోకి మీరు దూకవద్దు. కరెంటు తీగ మీద వేలాడుతుంటే మనిషిని గానీ, గుడ్డను గానీ, కింద పడ్డ తాడును గానీ ముట్టకండి, కర్రతో కూడా. దగ్గర్లో ఎవరినీ రానివ్వకుండా 1912కు, మీ ఊరి లైన్‌మన్‌కు చెప్పి సప్లై ఆపించండి. ఆపామని సబ్‌స్టేషన్ నుంచి మాట వచ్చాకే నిచ్చెన వేయండి.